పాట నేర్చుకోవడం ఎవరి దగ్గర? ఇంటి పక్క టీచరా, కళాశాలా, ఆన్‌లైనా

జూన్‌లో బడులు తెరవగానే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మా పాప గొంతు బాగుందండీ, ఎక్కడ చేర్పించమంటారు?" అని. ఈ మధ్య ఇంకో రకం కూడా వస్తున్నాయి. "నాకు నలభై దాటాయి, ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా? యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చా?" నేను సంగీతం టీచర్ని కాను. మా కాలనీలో త్యాగరాజ ఆరాధనకి పంచరత్నాలు పాడే బృందాన్ని ఏటా కూడగడతాను కాబట్టి నన్ను అడుగుతారు. దానికి తోడు తొమ్మిదేళ్ళకి పాట మొదలుపెట్టి, పద్నాలుగేళ్ళకి గొంతు పాడై మానేసి, ముప్పై ఆరేళ్ళకి మళ్ళీ అందుకున్నదాన్ని. గుంపు క్లాసు, ఒంటరి పాఠం, ఆన్‌లైన్, పాశ్చాత్య పద్ధతి వాయిస్ కోచింగ్, నాలుగూ రుచి చూశాను. అందుకని అడిగినవాళ్ళకి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా గొంతు ఎలా పాడైందో చెప్పాలి, ఎందుకంటే నా సలహా అంతా అక్కడి నుంచే వచ్చింది. మా క్లాసులో ఇరవై మందిమి ఉండేవాళ్ళం. హార్మోనియం మెట్లకి ఉన్న అంకెల్లో చెబితే, మా శ్రుతి ఎప్పుడూ ఆరే. అది అందరికీ ఒకటే. ఆరు శ్రుతి అంటే ఆధార షడ్జం, అంటే పాటంతా ఆనుకునే "స", సెకనుకు 220 కంపనాలు. తారస్థాయి పంచమం, అంటే పై స్థాయిలోని "ప", దానికి సరిగ్గా మూడు రెట్లు, 660. పై పంచమం పాడిన ప్రతిసారీ గొంతులో ఉన్న రెండు చిన్న స్వరతంత్రులు సెకనుకు అన్నిసార్లు ఒకదానికొకటి తగలాలి. కొందరికి అది హాయిగా వస్తుంది. నా గొంతు కాస్త కిందిస్థాయి గొంతు. పై షడ్జం దాటితే నాది పాట కాదు, అరుపు. "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అనేవారు టీచర్ గారు. గట్టిగానే అరిచాను. ఐదో ఏడు వచ్చేసరికి పొద్దున లేచాక మధ్యాహ్నం దాకా మాట బొంగురుగానే ఉండేది. ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో చూసి, స్వరతంత్రుల మీద రెండువైపులా ఎదురెదురుగా చిన్న బుడిపెలు ఉన్నాయన్నారు. కర్ర పట్టి పనిచేసేవాళ్ళ అరచేతుల్లో కాయలు కాస్తాయే, అలాంటివి. ఆపరేషన్ అవసరం రాలేదు. మాట్లాడే తీరు మార్చుకోమని స్పీచ్ థెరపీకి పంపారు, నెమ్మదిగా తగ్గాయి. కానీ పాట మానేశాను.

ఇప్పుడు నా శ్రుతి నాలుగున్నర. హార్మోనియం మీద ఆరుకీ దానికీ తేడా మూడే మెట్లు. నాలుగున్నరలో తార పంచమం 555 దగ్గర ఉంటుంది. అవే వర్ణాలు, అవే కీర్తనలు, అదే గొంతు. మూడు మెట్లు దిగేసరికి నొప్పి లేదు, జీర లేదు.

అందుకే ఎవరు ఏ క్లాసు గురించి అడిగినా నేను తిరిగి వేసే ప్రశ్న ఇదొక్కటే: అక్కడ మీ గొంతుని విడిగా వినేవాళ్ళున్నారా? సిలబస్, సర్టిఫికెట్, టీచర్ పేరు, ఫీజు, అన్నీ దీని తర్వాతే.

ఇంటి దగ్గరి టీచర్

మన ఊళ్ళలో ఎక్కువమందికి ఇదే మొదటి దారి. సాయంత్రం అయిదున్నరకి చాప పరిచి, ఎనిమిదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలతో మొదలుపెట్టి, జంటలు, దాటులు, అలంకారాలు, గీతాలు అంటూ వెళ్ళడం. పురందరదాసు వేసిన ఈ దారికి నాకు ఎంత గౌరవమో చెప్పలేను. రాగం ఒకటే ఉంచి, వేగం మూడు కాలాలకి పెంచుతూ, తాళం చేతిలో నిలిచేలా చేసే ఈ పద్ధతి లయని ఒంట్లోకి ఎక్కిస్తుంది. గుంపులో పాడితే బెరుకు పోతుంది. పక్కవాడి గొంతు పట్టుకుని మన గొంతు నడుస్తుంది.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. పక్కవాడి గొంతు పట్టుకుని నడిచేవాళ్ళ తప్పు బయటికి వినబడదు. మా బృందంలో ఒకావిడ ఆరేళ్ళు గుంపులో నేర్చుకున్నారు. ఒంటరిగా పాడమంటే శ్రుతి పట్టుకోలేకపోయారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆ ఆరేళ్ళలో ఆవిడ చేత విడిగా పాడించి ఎవరూ వినలేదు.

జంట స్వరాల దగ్గర ఒక ఉదాహరణ చెబుతాను. "సస రిరి గగ మమ" అన్నప్పుడు ప్రతి జంటలో రెండో స్వరాన్ని కాస్త నొక్కాలి. ఆ నొక్కు ఊపిరి నుంచి, పొట్ట దగ్గర చిన్న కదలికతో రావాలి. పిల్లలు చాలామంది దాన్ని గొంతుతో కొడతారు, తలుపు దబ్బున వేసినట్టు. బయటికి రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. పిల్లని ఒంటరిగా పాడించి, పక్కనే కూర్చుని చూసే టీచర్‌కే తేడా తెలుస్తుంది. మూడో కాలంలో రోజూ అరగంట గొంతుతో కొడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

కాబట్టి ఇంటి దగ్గరి క్లాసు అయితే టీచర్ గారిని ఇలా అడగండి: "ఒక్కో క్లాసులో మా పాప ఒక్కత్తే ఎంతసేపు పాడుతుందండీ?" మూడు నాలుగు నిమిషాలైనా అంటే మంచిదే. "అందరూ కలిసే" అంటే, వారంలో ఒకరోజు విడిగా చెప్పగలరేమో కనుక్కోండి. గుంపులో రెండు క్లాసులు, విడిగా ఒకటి కుదిరితే చిన్నపిల్లలకి దానికంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

ఆడపిల్లలనీ మగపిల్లలనీ ఒకే శ్రుతిలో పాడించే చోట ఇంకాస్త జాగ్రత్త. ఎనిమిదేళ్ళ దాకా పెద్ద తేడా ఉండదు. పన్నెండు పదమూడేళ్ళకి మగపిల్లల గొంతు మారడం మొదలవుతుంది. ఆ ఏడాదీ రెండేళ్ళూ వాళ్ళ చేత పాత శ్రుతిలో పాడించకూడదు. పూర్తిగా మాన్పించనక్కర్లేదు, శ్రుతి దించి, పాట తగ్గించి, ఆ సమయంలో తాళం, స్వరం రాయడం, వినికిడి మీద పెట్టొచ్చు. "గొంతు పోయిందిరా, ఇక నీకు పాట రాదు" అని ఆ వయసులో ఎవరైనా అన్న మాట పిల్లవాడు జీవితాంతం మోస్తాడు.

ప్రభుత్వ సంగీత కళాశాల

విజయనగరంలో మహారాజా వారి కళాశాల 1919లో పెట్టారు. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల గారు అక్కడ చదివినవారే, పి. సుశీల గారు అక్కడ డిప్లొమా చేసినవారే. హైదరాబాద్ రాంకోఠీలో త్యాగరాజ కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరుతో కళాశాల, తిరుపతిలో తితిదే వారి ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. మామూలుగా సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా రెండేళ్ళు. ఫీజు బయటి క్లాసులతో పోలిస్తే చాలా తక్కువ. చేరే వయసు, క్లాసుల వేళలు మాత్రం వెళ్ళి కనుక్కోండి.

కళాశాల ఇచ్చేది, ఇంటి క్లాసు ఇవ్వలేనిది ఒకటుంది, వాతావరణం. పక్క గదిలో వీణ, ఎదురు గదిలో మృదంగం, వరండాలో పెద్దవాళ్ళు వర్ణం మీద గొడవపడుతుంటారు. వినడంతోనే సగం సంగీతం వస్తుంది. శాస్త్రం క్రమంగా చెబుతారు. సంగీతాన్నే బతుకుదెరువుగా, టీచర్ ఉద్యోగంగా అనుకునేవాళ్ళకి ఇంతకంటే సరైన చోటు లేదు.

పరీక్ష దగ్గర పడ్డప్పుడు మాత్రం పాఠం పరుగెడుతుంది. ఇన్ని కృతులు పూర్తి కావాలి అన్నచోట మీ గొంతు అలసిందా లేదా అని చూసే తీరిక తక్కువ. అలా ఉంటే మీ సాధన మీరే కాచుకోవాలి.

బాలు గారి పేరు చెప్పి, "ఆయన శాస్త్రీయం క్రమంగా నేర్చుకోలేదు కదా, మాకెందుకు?" అనేవాళ్ళుంటారు. నిజమే, ఆయనది కళాశాల దారి కాదు, చదివింది ఇంజనీరింగు. కానీ కోదండపాణి గారిలాంటి సంగీత దర్శకుడు తొలిరోజుల నుంచీ ఆయనకి వెన్నుదన్నుగా నిలిచారు. ప్రతి రికార్డింగులోనూ ఆయన గొంతుని శ్రద్ధగా వినే చెవి ఒకటి గాజు అద్దానికి అవతల ఉండేది. క్లాసు లేకపోయినా వినేవాళ్ళున్నారు. మనింట్లో ఫోన్ ముందు కూర్చుని పాడుకునే పిల్లకి అది లేదు.

ఆన్‌లైన్ పాఠం

డాలస్‌లో ఉన్న మా చెల్లెలి కూతురు హైదరాబాద్ టీచర్ దగ్గర నేర్చుకుంటోంది. ఇక్కడ ఉదయం ఆరు, అక్కడ ముందురోజు సాయంత్రం, వేసవిలో ఏడున్నర, చలికాలంలో ఆరున్నర. అమెరికాలో గడియారం మార్చినప్పుడల్లా ఒక క్లాసు తప్పిపోతుంది, అది మొదటే రాసి పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో ఇద్దరూ కలిసి పాడలేరు. మాట అటు చేరేలోపు క్షణం ఆలస్యం అవుతుంది, ఆ ఆలస్యంలో తాళం విరిగిపోతుంది. టీచర్ పాడాలి, ఆగాలి, పిల్ల పాడాలి. ఇది లోపంలా కనిపిస్తుంది గానీ, గుంపు క్లాసులో దొరకనిది ఇక్కడ తప్పనిసరిగా దొరుకుతుంది. పిల్ల ప్రతిసారీ ఒంటరిగానే పాడాలి, టీచర్ ప్రతిసారీ వినే తీరాలి.

రెండు చిన్న సర్దుబాట్లు చేయకపోతే మాత్రం డబ్బు దండగ. జూమ్‌లాంటివి మనిషి మాట తప్ప మిగతా శబ్దాన్ని చప్పుడు అనుకుని కోసేస్తాయి. తంబూరా మోత వాటికి ఫ్యాన్ చప్పుడుతో సమానం. దీర్ఘంగా నిలబెట్టిన స్వరం కూడా మధ్యలో మాయమవుతుంది. సెట్టింగుల్లో సంగీతకారుల కోసం ఉన్న ఒరిజినల్ సౌండ్ అనేది పెట్టుకోవాలి. శ్రుతి పెట్టె పిల్ల వైపే మోగాలి, అప్పుడే ఆ శ్రుతీ ఆ గొంతూ కలిసి టీచర్‌కి చేరతాయి, అపశ్రుతి పట్టుబడుతుంది. రెండోది కెమెరా. ముఖం ఒక్కటే కనబడేలా పెడితే భుజాలు ఎగురుతున్నాయో, ఊపిరి ఎక్కడ తీస్తోందో టీచర్‌కి తెలియదు. ఫోన్‌ని నాలుగడుగుల దూరంలో, కాస్త పక్కగా, నడుము దాకా కనబడేలా పెట్టండి.

విదేశాల్లో ఉండి, పరీక్షలు, సర్టిఫికెట్ కూడా కావాలనుకుంటే అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వారి "సంపద" కోర్సుల్లాంటి ఏర్పాట్లు ఉన్నాయి. ఊళ్ళోనే మన టీచర్ ఎవరైనా ఉంటే నెలకి ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని పాడించుకోండి.

యూట్యూబ్, యాప్‌లు

వినడానికి స్వర్గం. నేర్చుకోవడం మొదలుపెట్టడానికి పనికిరావు. ఎందుకో చెప్పనక్కర్లేదు, అవి మిమ్మల్ని వినవు. కరావోకే యాప్‌లలో ఇంకో మోసం ఉంది. అందులో కలిపే ప్రతిధ్వని శ్రుతిలోని చిన్న లోపాల్ని కప్పేస్తుంది, బాగా పాడామనిపిస్తుంది. ఎకో తీసేసి పాడి వినండి. పాటని అసలు గాయకుల శ్రుతిలోనే పాడాలన్న పట్టుదల కూడా వద్దు. దాదాపు అన్ని యాప్‌లలోనూ శ్రుతి తగ్గించే మీట ఉంటుంది.

సినిమా పాటలు, లలిత సంగీతం

దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆకాశవాణి లలితగీతాలు, భక్తిరంజని వింటూ పెరిగిన తరం నాది. మాటని ఎలా పలకాలో, భావం ఎక్కడ దాచి ఎక్కడ విప్పాలో అక్కడే తెలిసింది. మంచి లలిత సంగీతం టీచర్ ముందు సాహిత్యం చదివిస్తారు. ఊపిరి ఎక్కడ తీయాలో గీత పెట్టిస్తారు. అలా పెట్టకపోతే "రామచం" దగ్గర ఊపిరి తీసి "ద్రుడు" అని మొదలుపెడతారు పిల్లలు. ఆ పాట ఎంత శ్రుతిలో ఉన్నా చెవికి ముల్లే. ల, ళ తేడా, ఒత్తులు, మైకు పెదవికి ఎంత దూరం, ఇవన్నీ సంగీతమే.

అయితే పోటీల కోసమే పాటలు రుద్దించే చోట్లు వేరు. టీవీ పోటీకి నెల ముందు తొమ్మిదేళ్ళ పిల్ల చేత పెద్ద గాయని పాటని అదే శ్రుతిలో రోజుకి నాలుగు గంటలు పాడించడం నేను చూశాను. పిల్లకి మెడ నరాలు తాళ్ళలా లేచాయి. అలాంటి చోట పిల్లని ఒక్కరోజు కూడా ఉంచకండి.

పాశ్చాత్య పద్ధతి వాయిస్ కోచ్

ముప్పై ఆరులో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నేను మొదట వెళ్ళింది ఇక్కడికే, మూడు నెలలు. మొదటి రోజు నా చేత పాట పాడించనే లేదు. పిల్లలు కారు బొమ్మ నడుపుతూ పెదవులు బుర్రుమనిపిస్తారే, అలా బుర్రుమంటూ కింద నుంచి పైకి, పై నుంచి కిందికి గొంతు జార్చమన్నారు. తర్వాత ఒక గ్లాసులో నీళ్ళు, ఒక స్ట్రా. స్ట్రా రెండు వేళ్ళ లోతు ముంచి, "ఊ" అంటూ బుడగలు వచ్చేలా ఊదాలి, బుడగలు ఆగకుండా స్వరం పైకీ కిందికీ జరగాలి. సన్నటి దారిలోంచి ఊపిరి వెళ్ళేటప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడి స్వరతంత్రులు గట్టిగా ఢీకొట్టుకోకుండా ఆపుతుందట. నాకు శాస్త్రం కంటే అనుభవమే ముందు తెలిసింది. ఐదు నిమిషాల బుడగల తర్వాత సరళీ స్వరాలు పాడితే, పై షడ్జం మెట్టు ఎక్కినట్టు కాక తలుపు తెరిచినట్టు వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

"పైకి వెళ్ళేటప్పుడు గడ్డం ఎందుకు ఎత్తుతున్నారు?" అని ఆ కోచ్ అడిగారు. ఎత్తుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

గొంతు ఒకసారి దెబ్బతిన్నవాళ్ళకి, రోజంతా మాట్లాడే టీచర్లకి, లెక్చరర్లకి, చర్చి క్వయర్‌లో పాడేవాళ్ళకి, బ్యాండులో పాడాలనుకునేవాళ్ళకి ఇది మొదటి ఎంపిక కావాలంటాను. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే లండన్ సంస్థల గ్రేడు పరీక్షలు కూడా రాయొచ్చు. కానీ త్యాగరాజ కీర్తన పాడాలన్నది మీ కోరికైతే ఇదొక్కటే చాలదు. గమకం, అంటే స్వరాన్ని రాగానికి తగ్గట్టు ఊపుతూ పలకడం, అక్కడ దొరకదు. స్వరాన్ని నిలబెట్టి ఒకే తీరుగా వణికించే వైబ్రాటో వేరు, తోడి రాగంలో గాంధారం ("గ") ఊగే ఊపు వేరు. మొదటిది అలవాటైన గొంతు రెండోదాన్ని చెడగొట్టకుండా మన గురువు పక్కన ఉండాలి. నేను మూడు నెలలు అక్కడ గొంతు బాగుచేసుకుని, తర్వాత కర్ణాటక సంగీతం టీచర్ గారి దగ్గర చేరాను. స్ట్రా, గ్లాసు ఇప్పటికీ వదల్లేదు. మా టీచర్ గారు మొదట వింతగా చూశారు, ఇప్పుడు ఆవిడే కొత్తవాళ్ళకి చెబుతున్నారు.

మరి ఎవరికి ఏది?

ఆరేడేళ్ళ పిల్లలకి ఇంటి దగ్గరి చిన్న గుంపు, వారానికి ఒక విడి పాఠం. పదేళ్ళు దాటి, సంగీతమంటే ప్రాణం పెట్టే పిల్లలకి కళాశాల, ఇంట్లో ఒక గురువు. నలభై దాటినవాళ్ళకి తప్పకుండా ఒంటరి పాఠమే, ఎదురుగానైనా ఆన్‌లైన్‌లోనైనా. పెద్దవాళ్ళు గుంపులో సిగ్గుపడి గొంతు మింగుతారు, అది తర్వాత వదలడం కష్టం. నెలకి డబ్బు కొంతే పెట్టగలిగితే, వారానికి మూడు గుంపు క్లాసులకంటే వారానికి ఒక్క ఒంటరి పాఠం, మిగతా రోజులు ఇంట్లో సాధన మేలు.

గొంతు మూడు వారాలుగా బొంగురుగానే ఉందంటే, పాడితే నొప్పి ఉందంటే, ఏ క్లాసూ వద్దు, ముందు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి. మిరియాల పాలు, అతిమధురం, పటికబెల్లం హాయిగా ఉంటాయి, నేనూ వాడతాను. కానీ మింగింది ఏదీ స్వరతంత్రులని తాకదు. తాకితే పొలమారుతుంది. నీళ్ళు రోజంతా తాగితేనే ఒంటి ద్వారా అక్కడికి తేమ చేరుతుంది, పాటకి ముందు గటగటా తాగితే కాదు.

చేరేముందు ఒక్క క్లాసు కూర్చుని చూస్తామని అడగండి. టీచర్ గారు ఎంత గొప్పగా పాడారన్నది కాదు చూడాల్సింది. కొత్తవాళ్ళని మొదట ఒంటరిగా పాడించారా? శ్రుతి పెట్టె ముట్టుకుని దించడమో పెంచడమో చేశారా? పిల్ల తప్పు పాడితే "మళ్ళీ" అన్నారా, లేక ఎక్కడ, ఎందుకు తప్పిందో చెప్పి "ఇలా" అన్నారా? గొంతు బాగోలేదని వచ్చిన పిల్లని పాడించారా, తాళం వేస్తూ వినమన్నారా? ఆ ఒక్క గంటలో తెలియనిది ఏడాది ఫీజు కట్టినా తెలియదు.

వెళ్ళేముందు ఇంట్లో మీ శ్రుతి మీరే ఒకసారి చూసుకోండి. ఫోన్‌లో తంబూరా యాప్ ఉచితంగానే దొరుకుతుంది. ఆడవాళ్ళయితే ఐదు దగ్గర, మగవాళ్ళయితే ఒకటి దగ్గర పెట్టి షడ్జం పట్టుకోండి. కిందికి మంద్ర పంచమం, అంటే కింది స్థాయి "ప" దాకా వెళ్ళండి, అది గుసగుస కాకుండా స్వరంగా వినబడాలి. కొత్తలో మంద్ర ధైవతం ("ద") దాకా వచ్చినా ఫరవాలేదు. పైకి తార పంచమం దాకా వెళ్ళండి, అద్దంలో చూసుకుంటూ. గడ్డం లేవకూడదు, మెడ బిగుసుకోకూడదు, సన్నటి దొంగ గొంతులోకి జారకూడదు. పైన ఇబ్బందైతే అర శ్రుతి దించండి, కింద మాయమైతే అర శ్రుతి పెంచండి. రెండు వైపులా హాయిగా ఉన్న అంకె ఒక కాగితం మీద రాసుకుని మొదటి రోజు టీచర్ గారి చేతికివ్వండి. ఆవిడ దాన్ని చూసి, "ఏదీ, ఒకసారి పాడమ్మా" అంటే అక్కడే చేరిపోండి.